వరద తాకిన దుకాణానికి కొత్త చోటు

వరదలో మునిగిన దుకాణం యజమాని ముందు రెండు దారులుంటాయి. బురద కడిగి అక్కడే మళ్లీ షట్టర్ ఎత్తడం ఒకటి, సామాను సర్దుకుని మరో చోటికి పోవడం రెండోది. మొదటిది వెంటనే చేతికందుతుంది. రెండోది ఖర్చుతో, ఆలోచనతో కూడిన పని. ఒకే చోట నీళ్లు మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం, ప్రతిసారీ కడిగి తెరవడమే చివరికి ఎక్కువ ఖర్చవుతుంది.

ఉత్తర తెలంగాణలో ఈ ప్రశ్న ఏటా వానాకాలంలో ఎదురవుతుంది. బోథ్ ప్రాంతపు గుట్టల్లో పుట్టిన కడెం వాగు పొచ్చెర, కుంటాల జలపాతాలు దాటి గోదావరి వైపు సాగుతుంది. గుట్టల మీద గట్టి వాన పడితే కొన్ని గంటల్లోనే కింది ఊళ్లకు వరద చేరుతుంది. ఈ వాగు మీది కడెం ప్రాజెక్టుకు 1958లో, మళ్లీ 1995లో గండ్లు పడ్డాయి. 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. మిగతా గేట్లన్నీ ఎత్తినా బయటికి పోగలిగింది సుమారు 3 లక్షల క్యూసెక్కులే. దాంతో దిగువ గ్రామాలను రాత్రికి రాత్రే ఖాళీ చేయించాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది, 2021 జులైలో, నిర్మల్‌లోని జీఎన్ఆర్ కాలనీ నీట మునిగింది. అదే వానలకు భైంసాలో గడ్డెన్న వాగు పొంగి ఆటోనగర్ దుకాణాల్లోకి నీళ్లొచ్చాయి.

వ్యాపారం చోటు మారడం తెలుగు నేలకు కొత్త కాదు. గోదావరి పాయ మీది కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789 తుపానులో అక్కడ సుమారు 20 వేల మంది చనిపోయారు. 1839లో మరో తుపాను విరుచుకుపడింది. రేవు ఇసుక మేటలతో పూడిపోతూ వచ్చింది. కోరంగి మళ్లీ కోలుకోలేదు. వర్తకం కాకినాడకు మళ్లింది, 1860లలో అమెరికా అంతర్యుద్ధ కాలంలో పత్తి ఎగుమతితో ఆ రేవు పెరిగింది. అక్కడ తరలింపు ఎవరూ పథకం వేసి చేసింది కాదు, అందుకే పాత ఊరు దిక్కులేనిదైంది.

పథకం ప్రకారం జరిగిన తరలింపు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో కనిపిస్తుంది. సోల్జర్స్ గ్రోవ్ అనే చిన్న ఊరు కికాపూ నది వరదలతో పలుమార్లు దెబ్బతిన్నది. 1978 వరద తర్వాత ప్రభుత్వ సాయంతో బజారు మొత్తాన్ని ఎత్తయిన చోటుకు మార్చుకుంది. నది ఒడ్డు స్థలాన్ని పార్కుగా వదిలేశారు. దుకాణాలు విడివిడిగా చెదరకుండా కలిసి కొత్త చోటికి మారాయి.

మన ఊళ్లకూ ఇదే ముఖ్యమైన పాఠం. కిరాణా కొట్టు, ఎరువుల దుకాణం, సైకిల్ మరమ్మతు చేసే చోటు ఒకదాని గిరాకీ మీద మరొకటి బతుకుతాయి. ఉద్దెర ఖాతా ఉన్న రైతు దుకాణం కనబడకపోతే పక్కవాడి దగ్గరికి పోతాడు. కనుక ఒంటరిగా ఐదు కిలోమీటర్లు పోవడం కన్నా, అదే అంగడిలో ఎత్తు మీదున్న మడిగెల్లోకి నలుగురు కలిసి మారడం మేలు.

కొత్త చోటు ఎంచుకునేటప్పుడు మొదటి కొలత పాత గోడ మీది నీటి గీత. టేపుతో ఆ గీత ఎత్తు కొలిచి, కొత్త మడిగె గచ్చు ఆ మట్టానికి ఎంత పైన ఉందో చూడాలి. ఎరువుల వ్యాపారికి ఇది మరీ ముఖ్యం. యూరియా నీటిలో కరిగిపోతుంది, తడిసిన డీఏపీ గడ్డ కడుతుంది, నీళ్లు సోకిన విత్తనం మొలకెత్తే శక్తి కోల్పోతుంది. పైకి ఎండినట్టు కనిపించిన పత్తి బేలు లోపల తడి నిలిచి రంగు మారుతుంది. గోదాం కిరాయి కొంత ఎక్కువైనా ఎత్తు మీదిదే తీసుకోవాలి.

తరలేముందు పాత చోట చేయాల్సిన పని ఒకటుంది. పాడైన సరుకును పారేయకుండా ఫొటోలు తీసి, బీమా కంపెనీకి తెలియజేసి, సర్వేయర్ వచ్చి చూసేదాకా ఉంచాలి. 5 కోట్ల రూపాయల లోపు ఆస్తి ఉన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ అందుబాటులో ఉంది. అది వరద నష్టాన్నీ భరిస్తుంది. కానీ బీమా పత్రంలో రాసిన చిరునామాకే వర్తిస్తుంది, చోటు మారితే దాన్ని తిరగరాయించుకోవాలి. నీటిపాలైన సరుకుపై జీఎస్టీలో తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను తిరిగి చెల్లించాల్సి ఉంటుందనీ గుర్తుంచుకోవాలి.

కాగితాల పని కొత్త చోటికి వెళ్లగానే మొదలవుతుంది. జీఎస్టీ నమోదులో చిరునామా మార్పును 15 రోజుల్లో తెలియజేయాలి. ఆహార పదార్థాలు అమ్మేవారి లైసెన్సు ఆ చోటుకే చెల్లుతుంది గనక కొత్తది తీసుకోవాలి. ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల అనుమతుల్లోనూ అమ్మకం చోటు రాసి ఉంటుంది, వ్యవసాయ శాఖకు ముందే చెప్పి మార్పించుకోవాలి. గ్రామ పంచాయతీ లేదా మున్సిపాలిటీ వ్యాపార అనుమతి, కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా, ఉద్యమ్ నమోదు తర్వాతి వరుసలో ఉంటాయి. విపత్తు ప్రాంతాల్లో అప్పుల గడువు పెంచి వాయిదాలు సవరించే వీలు రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లో ఉంది. దానికోసం బ్యాంకుకు వెంటనే దరఖాస్తు ఇవ్వాలి.

ప్రభుత్వ సాయం కూడా ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న దుకాణాలకు 25 వేలు, పరిశ్రమలకు టర్నోవరును బట్టి 50 వేల నుంచి లక్షన్నర రూపాయల దాకా ప్రకటించింది. ఇలాంటి సాయం బురద తీయడానికి, షట్టర్ బాగు చేయడానికి సరిపోతుంది, చోటు మార్చడానికి చాలదు. వాగు ఒడ్డు మడిగెలను ఎత్తు మీదికి మార్చేందుకు స్థలం చూపించే బాధ్యతను మున్సిపాలిటీలు, పంచాయతీలు, మార్కెట్ కమిటీలు ముందుగానే తీసుకోవాలి. వ్యాపారులు కూడా వరద దాకా ఆగకూడదు. వానాకాలం రాకముందే సంఘంగా కూర్చుని ఊళ్లోని ఎత్తయిన చోట్లను గుర్తించి, అక్కడ మడిగెలు కట్టించమని అర్జీ పెట్టాలి.