గోడలు లేని పానశాల

ఆంగ్లదేశపు పల్లెలలో శతాబ్దముల నాటి పానశాలలు నేటికిని నిలిచియున్నవి. ఓకు కఱ్ఱ చట్రము, తల తగులునంత క్రిందుగా దూలములు, ఒక మూల పెద్ద చలిమంటల పొయ్యి, అడుగున పీపాలు దాచు నేలమాళిగ వాని లక్షణములు. 1393లో రెండవ రిచర్డు రాజు లండను మద్యవిక్రేతలు ఇంటిముందు గుర్తు నిలుపవలెనని శాసించెను. పానశాలకు బొమ్మపలక నేటికిని అచ్చటి ఆచారము.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సీమలలో అట్టి పానశాల యెచ్చటనని యడుగువారికి ఊరి వెలుపలి తాటివనములోని కల్లు మండువను చూపవలెను. నాలుగు గుంజలు, పైన తాటికమ్మల కప్పు, క్రింద కుదుళ్ళపై లొట్లు. కొన్నిచోట్ల ఆ కప్పును లేక చెట్టునీడయే చాలును. ఇది పేదఱికము వలన కలిగిన రూపమని తలంచుట పొరపాటు. హాప్స్ పువ్వు చేర్చిన బీరు మాసములు నిలుచును గావున దానికి మాళిగ కావలసివచ్చెను; కల్లన్ననో, ఉదయమున చెట్టు దిగినప్పుడు తీయగానుండి, ప్రొద్దెక్కిన కొలది పొంగి పులిసి, మఱునాటికి చెడునది గావున, దానికి చెట్టే గిడ్డంగి. మోకు, ముస్తాదులతో చెట్టెక్కి దిగిన గౌడన్న లొట్టి వంచగా, త్రాగువాడు గొంతుకూర్చుండి, మడచిన తాటాకు రేకను నోటికానించి ధారను పట్టుకొనును. గ్లాసుల బీరువాకు పనిలేదు. ఈతకల్లు కాలము పోయి తాటికల్లు కాలము వచ్చినప్పుడు మండువయు వనము మారుట కద్దు. కదలనిది గీతవారు కొలుచు కాటమయ్య గద్దె యొక్కటే.

పట్టణము చేరినంతనే మండువకు ప్రహరీయు, రేకుల కప్పును, కాంపౌండను పేరును వచ్చినవి. లొట్టి సీసాగా మారినది. కల్లుతో నంజుకొను గుడాలు మాత్రము వెంటవచ్చినవి, అంతవఱకు సంతోషమే!

జనగామ జిల్లా ఖిలాషాపురమున సర్వాయి పాపన్న కోట కలదు. కల్లుగీత కులమున జనించి, మొగలు అధికారమును ధిక్కరించి, 1710లో హతుడైన ఆ వీరుని రాతికట్టడము నేటికిని కానవచ్చును. నాటి మండువ యొక్కటియు మిగులలేదు, ఏలయన నిలుచుటకై ఎవరును దానిని కట్టలేదు. వాస్తువిద్యార్థు లెవరైన ఒక మండువకు పోయి, గుంజల ఎడమును, కప్పు ఎత్తును, నీడ తిరుగు దిక్కును కొలిచి పటము వ్రాసినచో మేలు. ప్రొద్దుననే పోవలెను సుమా. మధ్యాహ్నమునకు కల్లు పులియును, కొలతలును తూలును.