చెడిన విమానం ఎగరవచ్చునా?

బండి ఇరుసు విరిగితే ఎడ్లను విప్పి, బండిని దారి ప్రక్కకు లాగి, వడ్రంగికి కబురంపుతాము. కారు మొరాయిస్తే నలుగురు కలిసి త్రోస్తారు. విమానం చెడితే? మరమ్మతు చేసేవాడు నూరు మైళ్ల అవతల ఉంటే, అతని వద్దకు ఆ చెడిన విమానమే ఎగిరిపోవాలి కదా! ఈ చిక్కును అమెరికా దేశపు వైమానిక నిబంధనలు విప్పిన తీరు, మాటలతో బ్రతికే నావంటి తెలుగు పంతులుకు సైతం ముచ్చట గొలిపినది.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఆ దేశంలో చదువుకొంటూ, చిన్న విమానాలు నడిపే లైసెన్సు కూడ సంపాదించాడు. ఒకనాడు నాలుగు సీట్ల సెస్నా 172 అద్దెకు తీసుకొని, ఒంటరిగా ఒక చిన్న విమానాశ్రయంలో దిగాడు. తిరుగు ప్రయాణానికి ఇంజను నడిపి చూస్తే, అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో తెలిపే టాకోమీటరు ముల్లు సున్న వద్దనే నిలిచిపోయినది. చప్పుడు మాత్రం ఎప్పటివలెనే ఉన్నది. ఆకాశం నిర్మలం. గంటసేపు ఎగిరితే ఇల్లు. విమానం యజమానికి ఫోను చేస్తే, "ఇంజను బాగానే ఉన్నది కదా, వచ్చేయి" అన్నాడు.

అక్కడి నిబంధనలలో 'ఎయిర్‌వర్దీ' అనే మాటకు రెండు అంగాలున్నవి. విమానం ఆమోదం పొందిన నమూనాకు సరిపోవాలి. క్షేమంగా నడిచే స్థితిలోనూ ఉండాలి. ఏ ఒక్కటి లోపించినా అది గగనయోగ్యం కాదు. (ఈ 'గగనయోగ్యం' నేను కూర్చుకొన్న మాట, ఇంతకంటె మంచిది దొరికితే సంతోషమే.)

అంతమాత్రాన ప్రతి చిన్న లోపానికీ విమానాన్ని కట్టివేయరు. ఇటువంటి చిన్న విమానంలో, తప్పనిసరి కాని పరికరం పాడయితే, దానిని తొలగించి గాని, పనిచేయకుండ ఆపి గాని, ఆ సంగతి తెలిపే చీటీ అంటించి, అపాయం లేదని నిర్ణయించుకొని ఎగరవచ్చును. టాకోమీటరు ఆ కోవలోనిది కాదు. వేగాన్నీ, ఎత్తునూ, దిక్కునూ, చమురు పీడనాన్నీ, ఇంధనపు మట్టాన్నీ చూపే సాధనాల సరసన, పట్టపగలు ఎగరటానికి సైతం అది ఉండితీరాలి. చీటీతో తీరే పని కాదు.

ఇట్టి విమానానికే 'స్పెషల్ ఫ్లైట్ పర్మిట్' అనేది ఉన్నది. పైలట్ల వాడుకలో అది ఫెర్రీ పర్మిట్. నియమాలకు సరిపోకున్నా క్షేమంగా ఎగరగల విమానాన్ని మరమ్మతు జరిగే చోటికి చేర్చటానికి ఎఫ్.ఏ.ఏ. ఇచ్చే అనుమతి అది. ముందుగా పరీక్ష జరిపించమనవచ్చును. ప్రయాణికులను ఎక్కించరాదని షరతు పెట్టవచ్చును. ఇందులోని సూక్ష్మం గమనించండి. మీద చెప్పిన రెండు అంగాలలో సడలినది మొదటిది మాత్రమే. క్షేమం విషయంలో పట్టు ఆవగింజంతైనా సడలలేదు.

ఆ క్షేమాన్ని నిర్ణయించవలసినవాడు ఎవరు? పైలట్. యజమాని రమ్మన్నాడనీ, మెకానిక్ సంతకం చేశాడనీ చెప్పి తప్పించుకొనే వీలు లేదు. గాలిలో ఉండగా లోపం తలయెత్తితే ప్రయాణం విరమించవలసినవాడూ అతడే.

మావాడు యజమానికి మళ్లీ ఫోను చేసి, రాలేనని చెప్పాడు. కొంత మాటపట్టింపు జరిగినదట. రాత్రంతా విమానాశ్రయంలోని ఒక బల్లమీద పడుకొన్నాడు. మరునాడు మెకానిక్కే అక్కడికి రావటంతో పర్మిట్ అవసరం లేకపోయినది. విప్పి చూస్తే, ఇంజను నుంచి టాకోమీటరుకు వచ్చే కేబుల్ తెగి ఉన్నది. ఇంజనుకు ఏమీ కాలేదు. కొత్త కేబుల్ తెప్పించి బిగించేసరికి మధ్యాహ్నం దాటినది. ప్రొద్దు గ్రుంకకముందే కుర్రవాడు ఇల్లు చేరాడు.