నేలమాళిగలో ఊపిరి

స్విట్జర్లాండ్‌లో ఓ మామూలు అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగితే సైకిళ్లు, పాత సూట్‌కేసులు, వైన్ సీసాల నడుమ వింత తలుపొకటి కనిపిస్తుంది. ఇరవై సెంటీమీటర్ల మందాన కాంక్రీటు, అంచు చుట్టూ రబ్బరు పట్టీ, బిగించడానికి ఇనుప మీటలు. యుద్ధమొస్తే ఆ సామానంతా బయట పడేసి జనం లోపల తలదాచుకోవాలి. 1963 నాటి చట్టంతో ఊపందుకున్న ఈ షెల్టర్లు ఇప్పుడక్కడ సుమారు 3,70,000 ఉన్నాయి. వాటిలో 90 లక్షల మందికి చోటుంది. ఆ దేశ జనాభా కూడా దాదాపు అంతే.

ఇంటి కింద బంకర్ అనగానే ఎవరికైనా ముందు గోడ మందమే తోస్తుంది. నిజానికి అది తేలిక లెక్క. అణుబాంబు పేలాక రాలే ధూళి గామా కిరణాలు వెదజల్లుతుంది. ఆరు సెంటీమీటర్ల కాంక్రీటు గానీ, తొమ్మిది సెంటీమీటర్ల గట్టి మట్టి గానీ అడ్డుంటే వాటి తీవ్రత సగానికి పడిపోతుంది. ఇంకో పొర వేస్తే సగంలో సగం. పది పొరలు, అంటే 90 సెంటీమీటర్ల మట్టి పోస్తే మిగిలేది వెయ్యో వంతే. కిరణాలు తిన్నగా పోతాయి కాబట్టి లోపలికి వెళ్లే దారిని మలుపు తిప్పి కడతారు. పైగా ఆ ధూళి తీవ్రత త్వరగానే తగ్గుతుంది. పేలిన గంటకు ఉన్నది ఏడు గంటలకు పదో వంతుకు, రెండు రోజులకు నూరో వంతుకు, రెండు వారాలకు వెయ్యో వంతుకు దిగుతుంది.

మరి ఆ రెండు వారాలూ ఊపిరి పీల్చుకోవాలి కదా!

స్విస్ ప్రమాణాల ప్రకారం మనిషికి దక్కేది ఒక చదరపు మీటరు నేల, రెండున్నర ఘనపు మీటర్ల జాగా. ఊరికే కూర్చున్న మనిషి గంటకు సుమారు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. తలుపు బిగించి, గాలి రాకుండా చేస్తే నాలుగు గంటలు గడవకముందే అది గదిలో మూడు శాతానికి చేరుతుంది. తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. ఇంకా పెరిగితే మగత, ఆ తర్వాత స్పృహ తప్పడం. పూడిక తీయడానికి పాత బావిలో దిగినవాళ్లు, వాళ్లను కాపాడబోయి దిగినవాళ్లు వరసగా పడిపోయిన వార్తలు మన పేపర్లలో చదువుతూనే ఉంటాం. గాలాడని గొయ్యి చేసే పని అదే.

అందుకే ఆ షెల్టర్‌లో అసలు విలువైనది గోడకు బిగించిన వెంటిలేటర్. బయటి గాలి ముందుగా పేలుడు ఒత్తిడిని ఆపే కవాటం దాటి రావాలి. మామూలుగా మనిషికి గంటకు ఆరు ఘనపు మీటర్లు వస్తుంది. విషవాయువు ఉందనుకుంటే యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరు మీదుగా మళ్లిస్తారు, అప్పుడు మూడే. ఆ మూడుతో కూడా కార్బన్ డయాక్సైడ్ 0.7 శాతం దగ్గర ఆగిపోతుంది. గాలిని ఎడతెగకుండా లోపలికి నెట్టడం వల్ల లోపలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటుంది. ఎక్కడైనా సన్న సందున్నా గాలి బయటికే పోతుంది గానీ విషం లోపలికి రాదు. కరెంటు పోతే? యంత్రానికి చేత్తో తిప్పే పిడి ఉంది. వంతులేసుకుని తిప్పాల్సిందే.

అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల పరిశోధకుడు క్రెసన్ కియర్నీ ఇంకా చవకైన ఉపాయం చూపించాడు. చెక్క చట్రానికి ప్లాస్టిక్ రెక్కలు తగిలించి తాడుతో ఊపడం. ఒకవైపు ఊగినప్పుడు రెక్కలు తెరుచుకుంటాయి, రెండోవైపు ఊగినప్పుడు మూసుకుని గాలిని తోస్తాయి. వెనకటి కచేరీల్లో దొరల నెత్తిన ఊగిన పంకాకు ఇది దగ్గరి చుట్టం. మొదట్లో దీన్ని పంకా పంపు అనే పిలిచారు. కియర్నీకి వేడి గురించి బెంగ ఎక్కువ. మనిషి ఒంటి నుంచి దాదాపు వంద వాట్ల వేడి వెలువడుతుంది. పదిమంది చేరితే కిలోవాటు. మన వేసవిలో ఆ గది ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఓడల కంటెయినర్‌ను కొని గొయ్యిలో పూడ్చేస్తే బంకర్ తయారన్న ప్రచారం ఒకటుంది. కంటెయినర్ బరువు మోసేది నాలుగు మూలల స్తంభాల మీద. దాని కప్పూ పక్క రేకులూ మట్టి తోపుడుకు ఆగవు. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవున్న చిన్న గది కప్పు మీద మీటరు ఎత్తున మట్టి పోస్తేనే ఇరవై టన్నులు దాటుతుంది. పూడ్చిన కంటెయినర్‌లో దూరడమంటే ఎవరి గొయ్యి వాళ్లు తవ్వుకోవడమే.

కాంక్రీటుతో కట్టినా నీటిని మరవకూడదు. అదే కొలతల్లో, రెండున్నర మీటర్ల ఎత్తున, ఇరవై సెంటీమీటర్ల మందంతో కట్టిన ఖాళీ గది పాతిక టన్నులు తూగుతుంది. భూగర్భ జలం కప్పు దాకా వస్తే దాన్ని పైకి తోసే బలం ముప్పై టన్నులు. పైన మట్టి బరువు చాలకపోతే గది నేలను చీల్చుకుని లేస్తుంది. నాలుగడుగులు తవ్వితే నీళ్లూరే గోదావరి, కృష్ణా డెల్టా పల్లపు భూముల్లో ఇది ఉత్త ఊహ కాదు.

ఎవరైనా ఇంటి బంకర్ కట్టిస్తామని వస్తే గోడ మందం సంగతి తర్వాత అడగండి. కరెంటు లేనప్పుడు మనిషికి గంటకు ఎంత గాలి అందుతుందో కాగితం మీద చూపించమనండి. లోపలే జనరేటర్ పెడతామన్నవాణ్ణి గుమ్మం దగ్గరినుంచే పంపేయండి. దాని పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.