స్క్రీన్ మీద గోదారి... లాక్ వేశారా మరి?

రాజమహేంద్రవరంలో మా నాన్నకి చిన్న జిరాక్స్ షాపు ఉంది. అందులో ఉన్న పాత డెస్క్‌టాప్ విండోస్‌తో మూలుగుతుంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించాను. పని బాగానే నడిచింది గానీ, నాన్నకి ఒక్కటే వెలితి. ‘‘ఖాళీగా ఉన్నప్పుడు నల్లగా చచ్చిపోయినట్టు ఉంటుందేంట్రా?’’ అన్నారు. పాపికొండల లాంచీలోంచి నేను ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి ఉంది. దాన్నే స్క్రీన్‌సేవర్‌గా పెడదామనుకున్నాను. అరగంట పని అనుకుంటే రెండు ఆదివారాలు పట్టింది. మీకు అరగంటలోనే అవ్వాలని ఇదంతా రాస్తున్నా.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతా. కీబోర్డు, మౌస్ కాసేపు కదలకపోతే వీడియోని ఫుల్‌స్క్రీన్‌లో ఆడించే చిన్న స్క్రిప్ట్ రాశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఓ రోజు నాన్న టీకి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర నిలబడ్డ పిల్లాడు కీబోర్డు మీద ఏదో నొక్కాడు. వీడియో పోయింది, వెనక తెరిచి ఉన్న ఎవరిదో ఆధార్ స్కాన్ బయటపడింది. వీడియో ఆడటం వేరు, సిస్టమ్‌కి తాళం పడటం వేరు. ఇంజినీరింగ్ చదివిన నాకు ఆ తేడా తట్టలేదు. జిరాక్స్ షాపంటే ఊళ్లో వాళ్ల మార్కుల మెమోలు, పాన్ కార్డులు అన్నీ ఉండే చోటు. అక్కడ ఇది చిన్న పొరపాటు కాదు.

కాబట్టి సొంత తెలివి పక్కన పెట్టి, ఉన్న సాధనాన్నే వాడండి. దాని పేరు ఎక్స్‌స్క్రీన్‌సేవర్. జేమీ జవిన్‌స్కీ 1992లో మొదలుపెట్టిన ప్రోగ్రాం, ఇప్పటికీ ఆయనే చూసుకుంటున్నారు. 2011లో వచ్చిన గ్నోమ్ 3 స్క్రీన్‌సేవర్ బొమ్మల్ని వదిలేసి నల్ల తెరతో సరిపెట్టుకుంది గానీ, ఈయన మాత్రం వదల్లేదు. ఇందులో తాళం వేసే భాగం వేరు, బొమ్మ చూపించే భాగం వేరు. బొమ్మ ఆగిపోయినా, క్రాష్ అయినా తాళం ఊడదు. మనకి కావల్సింది సరిగ్గా అదే.

ఒక్క షరతు. ఇదంతా ఎక్స్11 సెషన్ మాట. వేలాండ్‌లో మామూలు ప్రోగ్రాంలు వాటంతట అవి స్క్రీన్‌ని ఇలా స్వాధీనం చేసుకోలేవు, అక్కడ ఈ లాక్‌ని నమ్ముకోకండి.

ఎక్స్‌స్క్రీన్‌సేవర్, ఎంపీవీ ప్లేయర్... ఈ రెండూ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. తర్వాత ‘సెషన్ అండ్ స్టార్టప్’లోకి వెళ్లి, ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చే స్క్రీన్‌సేవర్‌కి టిక్ తీసేసి, ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌ని కలపండి. ఇద్దరు వాచ్‌మన్‌లని ఒకే గేటు దగ్గర పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. రెండూ నడిస్తే రెండుసార్లు పాస్‌వర్డ్ అడిగి నాన్న చేత తిట్టించాయి నన్ను.

ఇక అసలు కిటుకు. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ మొదలవగానే స్క్రీన్ అంతా కప్పే ఒక విండో తయారుచేసి, దాని నంబర్‌ని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెడుతుంది. ఆ వేరియబుల్ పేరు ‘ఎక్స్‌స్క్రీన్‌సేవర్ అండర్‌స్కోర్ విండో’, అన్నీ క్యాపిటల్ అక్షరాలే. ఎంపీవీకి ‘డబ్ల్యూఐడీ’ అనే ఆప్షన్ ఉంది. ఆ నంబర్ దానికి ఇస్తే ప్లేయర్ కొత్త విండో తెరవకుండా ఇచ్చిన విండోలోనే ఆడుతుంది. నేను మొదట్లో ఫుల్‌స్క్రీన్ ఆప్షన్‌తో కుస్తీ పట్టింది ఈ సంగతి తెలియకే.

నాలుగు లైన్ల షెల్ స్క్రిప్ట్ రాసి హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోండి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వడం మర్చిపోకండి. ఎంపీవీకి ఇవ్వాల్సినవి: డబ్ల్యూఐడీ, సౌండ్ వద్దని చెప్పే ‘నో ఆడియో’, ఆగకుండా తిరగడానికి ‘లూప్’కి ‘ఇన్ఫ్’, అంచుల్లో నల్ల పట్టీలు లేకుండా ‘ప్యాన్‌స్కాన్’కి ఒకటి. ఇంకోటి, చాలామంది వదిలేసేది: ‘నో స్టాప్ స్క్రీన్‌సేవర్’. సినిమా చూస్తుంటే మధ్యలో స్క్రీన్‌సేవర్ రాకుండా ప్లేయర్లు దాన్ని ఆపుతాయి కదా, ఎంపీవీ కూడా అంతే. ఇక్కడ వీడియోనే స్క్రీన్‌సేవర్ కాబట్టి ఆ మంచితనం మనకొద్దు.

ఆ ఎంపీవీ కమాండ్ ముందు ‘ఎగ్జెక్’ అన్న పదం చేర్చండి. నేను చేర్చలేదు. మౌస్ కదపగానే ఎక్స్‌స్క్రీన్‌సేవర్ స్క్రిప్ట్‌ని ఆపింది, స్క్రిప్ట్ పుట్టించిన ఎంపీవీ మాత్రం వెనకాల బతికే ఉంది. సాయంత్రానికి నాలుగైదు పోగై ఫ్యాన్ మిక్సీలా మోగింది. ‘ఎగ్జెక్’ ఉంటే స్క్రిప్ట్ స్థానంలోకి ఎంపీవీయే వచ్చేస్తుంది, ఆపమన్న సిగ్నల్ నేరుగా దానికే చేరుతుంది. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ‘పేరెంట్ ప్రాసెస్ పోతే చైల్డ్ ఏమవుతుంది?’ అని అడిగితే పుస్తకం జవాబు బదులు ఈ ఫ్యాన్ కథే చెప్పాను. మిగిలిన పావుగంటా దాని మీదే మాట్లాడుకున్నాం.

చివరి అడుగు: ఒకసారి ఎక్స్‌స్క్రీన్‌సేవర్ సెట్టింగ్స్ తెరిచి మూసేస్తే హోమ్‌లో చుక్కతో మొదలయ్యే దాని ఫైల్ కనిపిస్తుంది. కంట్రోల్ హెచ్ కొడితేనే సుమా. అందులో ‘ప్రోగ్రామ్స్’ అన్న చోట కోట్స్‌లో ఒక పేరు, పక్కన మీ స్క్రిప్ట్ పూర్తి పాత్ రాయండి. లైన్ చివర పై లైన్లలో ఉన్నట్టే బ్యాక్‌స్లాష్, ఎన్, బ్యాక్‌స్లాష్ ఉండాలి. ఇప్పుడు సెట్టింగ్స్‌లో మీ పేరు వచ్చేసినట్టే. మోడ్‌ని ‘ఓన్లీ వన్ స్క్రీన్‌సేవర్’కి మార్చి దాన్ని ఎంచుకోండి.

అక్కడే ‘లాక్ స్క్రీన్’ టిక్ చూడండి. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది! అది పెట్టకపోతే ఇంత చేసీ నా మొదటి స్క్రిప్ట్ దగ్గరే ఉన్నట్టు. పెట్టాక ఊరికే నమ్మకండి. వీడియో ఆడుతుండగా కీ నొక్కి, పాస్‌వర్డ్ అడిగిందో లేదో మీ కళ్లతో చూడండి.

కరెంటు ఆదా అవుతుందనుకుంటే పొరపాటు, వీడియో ఆడితే నల్ల తెర కన్నా ఎక్కువే ఖర్చు. పాత గాజు మానిటర్ల కాలంలో బొమ్మ అచ్చుపడకుండా ఇది అవసరమైంది, ఇప్పటి ఎల్‌సీడీకి అంత అవసరం లేదు. ఇది సరదా, అంతే. అందుకే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పెట్టొద్దంటాను. షాపులోనూ పది నిమిషాల తర్వాత మానిటర్ ఆగిపోయేలా పవర్ సెట్టింగ్ పెట్టాను. రెండు మానిటర్లుంటే రెండు వీడియోలు ఆడతాయి, పాత ప్రాసెసర్‌కి అది మోపెడు బరువు.

వీడియో అడ్డంగా తీసిందై ఉండాలి. పెన్‌డ్రైవ్‌లోంచి ఆడించకుండా హోమ్‌లోకి కాపీ చేసుకోండి. పోయిన నెల నాన్న ఎవరికో ఫొటోలు ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ పీకి, సాయంత్రం నాకు ఫోన్ చేశారు: ‘‘ఒరేయ్, గోదారి ఎండిపోయింది. కానీ పాస్‌వర్డ్ మాత్రం అడుగుతోంది.’’