దారి చెప్పే పటం

పదిహేడవ శతాబ్దంలో ఐరోపా నుండి వచ్చే యాత్రికులకు మొగలు సామ్రాజ్యపు ముఖద్వారం సూరత్ రేవు. ఓడ దిగినవాడు భాష తెలియని దేశంలో, చీకటి పడేలోగా నీరూ నీడా దొరికే చోటికి చేరుకోవాలి. నేడు పరదేశంలో సొంతంగా కారు నడుపుతూ తిరగదలచిన వారి అవసరమూ అదే. ఆ పాత యాత్రికుల అనుభవం, రోడ్డు పటాన్ని ఎంచుకోవడంలో మనకు ఇప్పటికీ ఉపకరిస్తుంది.

1615 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు రాయబారిగా సూరత్ సమీపాన దిగిన సర్ థామస్ రో, రెండేళ్ల తరువాత జహంగీర్ చక్రవర్తికి మెర్కేటర్ పటాల గ్రంథాన్ని కానుకగా సమర్పించాడు. కొద్దిరోజులకే చక్రవర్తి దానిని తిరిగి ఇచ్చివేశాడు. తన ముల్లాలలో ఎవరికీ అది చదవ రాలేదన్నాడు. చదవలేని పటం ఎంత గొప్పదైనా మోతబరువే. జపాను, థాయిలాండు వంటి దేశాలకు పోయేవారు ఊళ్ల పేర్లు ఇంగ్లీషులోను, స్థానిక లిపిలోను ఉన్న పటాన్ని కొనాలి. ఇంగ్లీషు పేరు మనం చదువుకోవడానికి. స్థానిక లిపి దారినపోయే వారికి వేలుపెట్టి చూపడానికి.

నాటి ఐరోపా పటాలు సింధునదిని ఖంభాత్ వద్ద సముద్రంలో కలిపాయి. అది పొరపాటని రో ఇక్కడికి వచ్చాక గ్రహించాడు. ఆయన సేకరించిన వివరాల ఆధారంగా విలియం బాఫిన్ గీసిన పటం 1619లో లండనులో అచ్చయింది. పటం కొనేటప్పుడు కూర్పు సంవత్సరం చూడాలి. పాత పటం పునర్ముద్రణ వేరు, సవరించిన కూర్పు వేరు. కొత్త వంతెన, కొత్త రహదారి సవరించిన కూర్పులోనే కనిపిస్తాయి.

బాఫిన్ పటం సామ్రాజ్యాన్నంతటినీ ఒక్క కాగితంపై చూపింది. కాని ఈ రాత్రి ఎక్కడ దిగాలో బాటసారికి అది చెప్పలేదు. ఆ లోటు తీర్చినవాడు ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్. 1676లో పారిసులో ప్రచురించిన యాత్రా గ్రంథంలో ఆయన సూరత్ నుండి గోల్కొండకు పోయే దారిని మజిలీ మజిలీకి క్రోసుల లెక్కతో వ్రాశాడు. మొత్తం 324 క్రోసులు, 27 రోజుల ప్రయాణం.

నేటి పటాలలో ఈ తేడా స్కేలును బట్టి తెలుస్తుంది. సెంటీమీటరుకు పది కిలోమీటర్ల పటం, యాత్ర మొత్తానికి పథకం వేసుకోవడానికి చాలును. కారు నడపడానికి మాత్రం సెంటీమీటరుకు రెండు మూడు కిలోమీటర్లు చూపే ప్రాంతీయ పటం కావాలి. ఫ్రాన్సులో 1910లో మొదలైన మిషెలిన్ పటాలు సెంటీమీటరుకు రెండు కిలోమీటర్ల లెక్కన గీసినవే. చూడచక్కని దారుల పక్కన వాటిలో ఆకుపచ్చ గీత ఉంటుంది. దూరాలు మైళ్లలో ఉన్నవో, కిలోమీటర్లలో ఉన్నవో కూడ గమనించాలి. బ్రిటనులోను, అమెరికాలోను మైళ్లే వాడుక.

చేతిలోని ఫోను నేడు మలుపు మలుపుకూ దారి చెబుతున్నది. అయితే చిన్న తెరపై ముందున్న మలుపు కనిపించినంత స్పష్టంగా చుట్టూ ఉన్న సీమ కనిపించదు. కొండదారిలో సిగ్నలు అందక, బ్యాటరీ అయిపోయిన వేళ, జేబులోని కాగితమే ఆదుకుంటుంది.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. మీరు బస చేయదలచిన ఒక చిన్న ఊరి పేరు పటం సూచికలో వెదకండి. ఆ ఊరు, అక్కడికి పోయే దారి, మధ్యనున్న దూరం మూడూ దొరికితే, ఆ పటాన్ని నమ్ముకొని బయలుదేరవచ్చు.