డెల్ఫ్ట్ నీలం: అపోహలు – వాస్తవాలు

మామిడికుదురు నుంచి రాజోలు మీదుగా వెళ్లి చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. 17వ శతాబ్దంలో డచ్చివారు అక్కడ వర్తక స్థావరం నడిపారు. వాళ్ల దేశం పేరు చెప్పగానే తెల్లటి పళ్లెం మీద నీలి పూలు, గాలిమరలు గుర్తొస్తాయి. డెల్ఫ్ట్ ఊరి పేరుతో చెలామణీ అయ్యే ఆ సామాను చుట్టూ అపోహలూ తక్కువ లేవు.

అపోహ: డచ్చివారు ఈ సామాను అమ్ముకోవడానికే గోదావరి తీరానికి వచ్చారు.

వాస్తవం: వాళ్లకు కావలసింది మన బట్ట. 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామాల్లో నేతబట్టలు కొని, ఇండోనేసియా దీవుల్లో వాటినిచ్చి జాజికాయ, లవంగాలు తీసుకునేది. చైనా పింగాణీని ఆమ్‌స్టర్‌డామ్‌కు చేర్చిందీ ఆ కంపెనీ ఓడలే. 1824 ఒప్పందంతో ఇక్కడి స్థావరాలు ఇంగ్లిషువారి పరమయ్యాయి.

అపోహ: డెల్ఫ్ట్ సామాను కూడా పింగాణీయే.

వాస్తవం: పింగాణీకి కయోలిన్ అనే తెల్లమట్టి, దాదాపు 1300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ అసలు గుట్టు 1708 ప్రాంతంలో జర్మనీలో బోట్గర్ ప్రయోగాలు ఫలించేదాకా ఐరోపాకు చిక్కలేదు. డెల్ఫ్ట్ కుమ్మరులు మామూలు మట్టినే కాల్చి, తగరం కలిపిన తెల్లటి గాజుపూతతో దాని రంగు కప్పేశారు. పాత డెల్ఫ్ట్ పళ్లెం అంచు పెచ్చూడితే లోపలి పసుపు మట్టి బయటపడుతుంది. పింగాణీ విరిగిన చోట కూడా తెల్లగానే ఉంటుంది.

అపోహ: ఆ నీలం మన నీలిమందే.

వాస్తవం: నీలిమందు మొక్క నుంచి వస్తుంది. బట్టకు పట్టే ఆ రంగు ఆవం వేడికి నిలవదు. పాత్ర మీది నీలం కోబాల్ట్ ఆక్సైడ్. కాల్చకముందు నల్లగానో బూడిదరంగులోనో ఉండి, కాలాకే నీలంగా తేలుతుంది. కాల్చని పూత తడిని వెంటనే పీల్చేస్తుంది కాబట్టి తప్పు గీత దిద్దడం కష్టం.

అపోహ: డెల్ఫ్ట్‌లో జరిగింది ఒట్టి నకలు పనే.

వాస్తవం: మొదలు నకలే. నీలం-తెలుపు పద్ధతి 14వ శతాబ్దానికే చైనాలోని జింగ్‌డెజెన్‌లో, పర్షియా కోబాల్ట్‌తో వెలిగింది. 1603లో డచ్చివారు సింగపూర్ దగ్గర శాంటా కతరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకుని, అందులోని పింగాణీని ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశాక ఆ మోజు ముదిరింది. 1644లో మింగ్ వంశం కూలి చైనా సరుకు తగ్గేసరికి, మూతపడిన బీరు బట్టీల భవనాల్లోకి కుమ్మరులు చేరారు. గాలిమరలు, ఓడలు, బైబిలు కథలు బొమ్మలకెక్కాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులూ వచ్చాయి. 1734లో కంపెనీయే కార్నెలిస్ ప్రాంక్ అనే డచ్ చిత్రకారుడి చేత నమూనాలు గీయించి, చైనాలో పింగాణీ మీద వేయించింది.

అపోహ: అడుగున డెల్ఫ్ట్ అని ఉంటే అది పాత, చేతిపని వస్తువే.

వాస్తవం: 1653లో మొదలైన రాయల్ డెల్ఫ్ట్ కర్మాగారం నేటికీ పనిచేస్తోంది. విహారయాత్రికులకు అమ్మే చాలా వస్తువుల మీదివి అచ్చుబొమ్మలు. కొనేముందు భూతద్దం పట్టి చూడండి: కుంచె గీత సన్నబడుతూ లావెక్కుతూ సాగుతుంది, అచ్చుది చుక్కలుగా విడిపోతుంది.