వడపోత మొదలయ్యేది ఆ బల్ల దగ్గరే

అంకుర సంస్థల గురించి మన పత్రికల్లో వ్యవస్థాపకులు కనిపిస్తారు, పెట్టుబడిదారులు కనిపిస్తారు. ఆ ఇద్దరి మధ్య ఒక మూడో మనిషి ఉంటాడు. వచ్చిన దరఖాస్తులను వరుస పెట్టేది, మార్గదర్శకుల సమయం కుదిర్చేది, గదులు కేటాయించేది, బిల్లులు సరిచూసి నిధుల విడుదలకు పంపేది అతనే. యాక్సిలరేటర్లలో ఆ పనిని 'ఆపరేషన్స్' అంటారు. కొత్త ఆర్థిక వ్యవస్థలో కులం ఎక్కడుందని అడిగేవారు ముందుగా ఆ బల్లను చూడాలి.

సింగరాయకొండ నుంచి వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకరు కొన్నేళ్లుగా ఆ ఉద్యోగంలో ఉన్నాడు. దళిత కుటుంబం, తల్లిదండ్రులు మిరప కోతలకు వెళ్లే కూలీలు. తన సంస్థలో ఎవరూ ఎవరి కులమూ అడగరని అతను చెబుతాడు. అడిగే అవసరం రాదు. 'ఈ కుర్రాడు మనకు తెలిసినవాడే' అని ఒక ఫోన్ వస్తే చాలు, కింద ఉన్న దరఖాస్తు పైకి వస్తుంది. ఆ ఫోన్ చేయించగల బంధువు లేనివారి కాగితం అడుగునే ఉంటుంది. ఎంపిక సంఘం ప్రతిభను కొలవడం మొదలుపెట్టేసరికే వడపోత చాలావరకు ముగిసిపోతుంది.

ఈ 'తెలిసినతనం' గాలిలోంచి రాలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల వ్యవసాయ మిగులు సినిమాలుగా, కాంట్రాక్టులుగా, ప్రైవేటు కళాశాలలుగా మారింది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ పెట్టుబడిగానూ మారింది. భూమి లేనివారికి ఆ ప్రయాణంలో చోటు దక్కలేదు. భూమి చేతులు మారినంత సులువుగా పరిచయాలు చేతులు మారవు.

పేరు చూసి పక్కన పెట్టడం అపోహ కాదు. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ ఒకే రకం అర్హతలతో, వేర్వేరు ఇంటిపేర్లతో ప్రైవేటు సంస్థలకు దరఖాస్తులు పంపి పరిశీలించారు. దళిత ఇంటిపేర్లకు పిలుపులు తక్కువగా వచ్చాయని 2007లో వెల్లడించారు. ఉద్యోగానికే ఇలా ఉంటే, నమ్మకం మీద నడిచే పెట్టుబడికి ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. 2016 ఏప్రిల్‌లో మొదలైన స్టాండప్ ఇండియా, ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణం ఇవ్వాలంది. 2020లో ప్రారంభించిన అంబేడ్కర్ సోషల్ ఇన్నోవేషన్ అండ్ ఇంక్యుబేషన్ మిషన్, ఎస్సీ యువత ఆలోచనలకు మూడేళ్లలో 30 లక్షల వరకు సాయం ప్రకటించింది. హైదరాబాదులో 2015లో టీ-హబ్, మంగళగిరిలో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ వచ్చాయి. తలుపులు పెరిగాయి, సంతోషం. తలుపు లోపల బల్ల మీద జరిగేదాన్ని మాత్రం ఏ పథకమూ తాకలేదు.

ఉదాహరణకు డబ్బు విడుదల పద్ధతి చూడండి. 'ముందు ఖర్చు పెట్టండి, బిల్లులు ఇవ్వండి, తర్వాత చెల్లిస్తాం' అనే నియమం పైకి అందరికీ ఒకటే. ఇంట్లో రెండు లక్షలు సర్దగలిగినవారికి అది చిన్న ఆలస్యం. కూలి డబ్బుతో బతికే ఇంటి బిడ్డకు వడ్డీ వ్యాపారి గుమ్మం. సమానమైన నియమం అసమానుల మీద పడితే జరిగేది ఇదే.

చేయవలసినవి కష్టమైనవి కావు. తొలి వడపోతలో పేరు, కళాశాల కనిపించకూడదు. తెలుగులో రాసిన దరఖాస్తునూ స్వీకరించాలి. సిఫారసు వస్తే ఎవరు చేశారో నమోదు కావాలి. నిధిలో కొంత భాగం ముందుగా ఇవ్వాలి. ప్రజాధనం తీసుకునే ప్రతి యాక్సిలరేటరూ ఏ సామాజిక వర్గం నుంచి ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, ఎన్ని ఎంపికయ్యాయో ఏటా ప్రకటించాలి.

మరొకటి. నా విద్యార్థి వంటి మొదటి తరం చదువరులు ఈ రంగంలో చేరగలిగితే ఎక్కువగా చేరేది ఆపరేషన్స్ బల్లకే. ఎవరిని తోసిపుచ్చారో అందరికన్నా ముందు వారికే తెలుస్తుంది. ఎంపికలో వారికి ఓటు లేదు, నిలబెట్టిన సంస్థల్లో వాటా లేదు. బరువు మోసేవారు ఒకరు, పంచుకునేవారు మరొకరు అనే పాత ఏర్పాటుకు మనం కొత్త పేరు పెట్టుకున్నాం. ఆ బల్ల దగ్గర కూర్చున్నవారికి ఓటు ఇచ్చిన రోజున, అడుగున పడిన కాగితాలు పైకి రావడం మొదలవుతుంది.